పాల చెట్ల చుట్టరికం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మల్కాపురంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ధింసా ఆడి అలసిపోయిన వాళ్ళ ముందు సైన్సు మాట్లాడమని మాకు మైకు ఇచ్చారు. ఇది మా మీద నమ్మకమో, మీ మీద కోపమో మాకైతే తెలియదు. 1982లో ఐక్యరాజ్య సమితిలో ఆదివాసీల గురించి ఏర్పాటు చేసిన బృందం మొదటిసారి సమావేశమైన రోజు ఆగస్టు 9. 1994లో సమితి ఆ తేదీనే ఆదివాసీల దినంగా ప్రకటించింది. భూమి గురించి, ఉద్యోగాల గురించి ఇప్పటికే పెద్దలు మాట్లాడారు. మేము ఒక మొక్క గురించి చెబుతాం. చివరికి అది కూడా హక్కు దగ్గరికే వస్తుంది.

మేమంటే మన సంఘం పిల్లలం, నలుగురం. ఇద్దరం వృక్షశాస్త్రం చదివాం, ఒకరు కంప్యూటర్లు, ఒకరు నౌకల పనిలో అప్రెంటిస్. మా తాతలు, నాన్నలు పాడేరు, హుకుంపేట, అనంతగిరి కొండల నుంచి పని వెతుక్కుంటూ దిగి ఈ మల్కాపురంలో గదులు అద్దెకు తీసుకున్నవాళ్ళు. మేము పుట్టింది రిఫైనరీ వాసనలోనే. కొండ మాకు సెలవుల్లో వెళ్ళే ఊరు.

ముందు మీ ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెడదాం. ఈ వీధుల్లో కుండీల్లో బిళ్ళగన్నేరు ఉంటుంది. పూజకు నందివర్ధనం ఉంటుంది. గోడ అవతల గన్నేరు, గుడి దగ్గర దేవగన్నేరు, రైలు పట్టాల పక్కన జిల్లేడు. ఇప్పుడు కొండకు వెళ్దాం. ఏడాకుల పాల, విరేచనాలకు వాడే కొడిసెపాల, షర్బత్ చేసే సుగంధిపాల, షుగరుకు నమిలే పొడపత్రి. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర. వీటితో పాటు మన ఏజెన్సీలో పాతాళగంధి అనీ, సర్పగంధి అనీ పిలిచే ఆ చిన్న పొద. ఇవన్నీ ఒకే కుటుంబం. వృక్షశాస్త్రంలో గన్నేరు కుటుంబం అంటారు.

మా అమ్మమ్మను ఇదే అడిగాం. ఆమె బడికి పోలేదు. "గిల్లితే పాలొస్తాయి, కాయలు జంటగా కాస్తాయి, అవన్నీ ఒక వరస" అంది. పాలొక్కటే గుర్తు అయితే మర్రి, జెముడు కూడా ఇందులోకి రావాలి. అవి రావు. ఆ రెండో మాట, జంట కాయలు, అదే అసలు గుర్తు. అంకుడుకు, కొడిసెపాలకు, సుగంధిపాలకు, గన్నేరుకు ఒకే పువ్వు నుంచి రెండు కాయలు వస్తాయి. కొన్నిట్లో ఒకటి ఎండిపోయి రెండోదే మిగులుతుంది.

పుస్తకాల సంగతి చూడండి. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ కుటుంబాన్ని రెండుగా విడగొట్టాడు. జిల్లేడు, సుగంధిపాల, పొడపత్రి ఒక కుటుంబం. గన్నేరు, సర్పగంధి, బిళ్ళగన్నేరు మరో కుటుంబం. పుప్పొడి నిర్మాణం వేరుగా ఉందన్నది కారణం. దాదాపు రెండు వందల ఏళ్ళు కాలేజీల్లో అలాగే చెప్పారు, మా లెక్చరర్లు కూడా అలాగే చదువుకుని వచ్చారు. 1990ల్లో డీఎన్ఏ చదవడం వచ్చాక తేలిందేమిటంటే, జిల్లేడు వర్గం వేరే కుటుంబం కాదు, గన్నేరు కుటుంబం లోపలి నుంచే పుట్టిన ఒక కొమ్మ. 1998లో ప్రపంచ వృక్షశాస్త్రవేత్తలు కలిసి రూపొందించిన కొత్త వర్గీకరణలో రెంటినీ మళ్ళీ ఒకటి చేశారు. అమ్మమ్మ వరస మళ్ళీ పుస్తకంలోకి వచ్చింది. దీనికి ఆమె పేరు ఎవరూ పెట్టరు, అది వేరే సంగతి.

చుట్టరికం తెలిస్తే ఏం లాభం అని అడుగుతారు. సర్పగంధి కథే చెబుతాం. అది మోకాలెత్తు పొద. ఆకులు సాధారణంగా మూడేసి ఒకచోట పుడతాయి, తెల్ల పూలకు ఎర్రని కాడలు, నల్లటి చిన్న కాయలు. మందంతా వేరులో. 1931లో ఢిల్లీ టిబ్బియా కాలేజీలో పనిచేస్తున్న సలీముజ్జమాన్ సిద్ధిఖీ ఈ వేరు నుంచి ఒక పదార్థం వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అన్నాడు. అదే ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఇది రక్తపోటును తగ్గిస్తుందని, మతి చలించిన వాళ్ళను శాంతపరుస్తుందని రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగుల వివరాలు బ్రిటన్ పత్రికలో అచ్చువేశాడు. అప్పుడు గాని ప్రపంచం వినలేదు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీ రిసర్పిన్ వేరుచేసింది. తర్వాత ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. వేరులో మందున్న మొక్కను కోసుకోవడం ఉండదు, పెరకడమే. 1990 నుంచి సర్పగంధి అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్న జాబితాలో ఉంది. (ఒక హెచ్చరిక. ఇది విని ఎవరూ బీపీకి వేరు నమలకండి. మోతాదు తప్పితే ప్రమాదం, మనసు కుంగిపోతుంది కూడా. బీపీ మాత్రలు డాక్టరు చెప్పినట్టే వేసుకోండి.)

వేరు ఎండిపోయి గోనెసంచిలోకి చేరాక అది ఏ మొక్కదో ఎలా చెబుతారు? దీని చుట్టం ఒకటుంది, అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి మన దేశంలో కలుపులా పాతుకుపోయింది. దానికి ఆకులు నాలుగేసి. మొక్క నిలబడి ఉంటే ఆకులు లెక్కపెట్టి ఏడేళ్ళ పిల్లాడు కూడా తేడా చెబుతాడు. ఎండు వేర్లకు ఆకులుండవు. సర్పగంధిలో ఈ చుట్టం వేర్లు కలిపి అమ్మడం పాత మోసమే. అక్కడే డీఎన్ఏ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు మాట, మైటోకాండ్రియా. మన ఒంట్లో అయినా, మొక్కలో అయినా, దాదాపు ప్రతి కణంలో బాయిలర్ల వంటివి ఉంటాయి. తిన్నదాన్ని శక్తిగా మార్చేది అవే. ఇక్కడ చాలామంది బాయిలర్ దగ్గర పనిచేసినవాళ్ళే కాబట్టి ఇంకా వివరించం. విచిత్రం ఏమిటంటే ఈ బాయిలర్లకు సొంత డీఎన్ఏ ఉంది. ఎప్పుడో వందల కోట్ల ఏళ్ళ క్రితం ఇవి స్వతంత్రంగా బతికిన బాక్టీరియా అనీ, మరో కణంలోకి చేరి అక్కడే కాపురం పెట్టాయనీ 1967లో లిన్ మార్గులిస్ వాదించింది. మొదట నవ్వారు, తర్వాత ఒప్పుకున్నారు. మొక్కల్లో ఆకు పచ్చదనాన్నిచ్చే హరితరేణువులు కూడా అలా వచ్చినవే. అంటే ఒక్క ఆకులో మూడు డీఎన్ఏలు: కేంద్రకంలోది, హరితరేణువుది, మైటోకాండ్రియాది. కేంద్రకంలోది తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తుంది. మైటోకాండ్రియా మనుషుల్లో తల్లి నుంచే. మొక్కల్లో కూడా ఎక్కువగా అంతే. కీర దోసకాయ మాత్రం ఎదురు నడుస్తుంది, దానికి తండ్రి నుంచి వస్తుంది. ఎందుకో దోసకాయకే తెలియాలి.

తల్లి వరస అన్న ఈ గుణాన్ని పట్టుకునే హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2005లో అండమాన్ ఆదివాసీల మైటోకాండ్రియా చదివి, వాళ్ళు ఎంతో పాత కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ వారసులని చెప్పారు. మనిషి మైటోకాండ్రియా చిన్నది, 16,569 అక్షరాలు. 1981లోనే పూర్తిగా చదివేశారు. మొక్కలది అలా లొంగదు. కొన్నిట్లో మూడు లక్షల అక్షరాలు, కొన్నిట్లో పది లక్షలు. సైలీన్ అనే ఒక చిన్న పూలమొక్కలో కోటి దాటింది. అంత పొడవులో నిజంగా పనిచేసే జన్యువులు మాత్రం కొన్ని పదులే.

ఇది ఎందుకు కష్టమో మా అప్రెంటిస్ తమ్ముడు చెప్పిన పోలికే చెబుతాం. ఓడను ఇప్పుడు మొత్తంగా కట్టరు. బ్లాకులుగా కట్టి, అంచులు చూసి కలుపుతారు. డీఎన్ఏ కూడా అంతే. యంత్రం ముక్కలు ముక్కలుగా చదువుతుంది, కంప్యూటర్ అంచులు పోల్చి అతుకుతుంది. రెండు బ్లాకులకు ఒకే అంచు ఉందనుకోండి, ఏది దేనికి అతకాలి? ఓడలో అయితే ఒకటి తప్పు. మొక్క మైటోకాండ్రియాలో రెండూ నిజమే! అలాంటి ఒకే రకం అంచుల దగ్గర అది తనను తాను విడదీసి, మార్చి కలుపుకుంటూ ఉంటుంది. ఒకే మొక్కలో రెండు మూడు అమరికలు పక్కపక్కనే ఉంటాయి. అందుకే మైటోకాండ్రియా బొమ్మను పుస్తకాల్లో గుండ్రంగా గీసినా అసలు రూపం అంత గుండ్రం కాదు.

గన్నేరు కుటుంబంలో ఈ పని బాగా జరిగిన మొక్క మన కొండది కాదు, ఎడారిది. ఇక్కడి నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ వెళ్ళొచ్చిన అన్నయ్యలు ఉన్నారు కదా, వాళ్ళు చూసే ఉంటారు. సౌదీలో, ఎమిరేట్స్‌లో ఇసుక నేలల్లో ఒంటె కూడా ముట్టని పచ్చని పొద ఒకటి ఉంటుంది. అక్కడివాళ్ళు హర్మల్ అంటారు. శాస్త్రనామం రాజ్యా స్ట్రిక్టా. మన సర్పగంధికి చుట్టం. అరబ్బు పల్లెల్లో, ఎడారి తెగల్లో అది పాత మందు. 2014లో జెద్దాలోని కింగ్ అబ్దులజీజ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి దీని హరితరేణువు, మైటోకాండ్రియా రెండింటినీ పూర్తిగా చదివి ప్రచురించారు. మైటోకాండ్రియా 5 లక్షల 48 వేల అక్షరాల పైచిలుకు.

వాళ్ళు చూసిన తేడా మాకు భలే నచ్చింది. ఒకే ఆకులో పక్కపక్కనే ఉన్న రెండింటిలో హరితరేణువు పాత పద్ధతి తప్పలేదు, పూలమొక్కల పూర్వీకుల నాటి వరసలోనే జన్యువులను పెట్టుకుంది. మైటోకాండ్రియా ఇల్లంతా సర్దుబాట్లే. పైగా హరితరేణువు నుంచి ముక్కలు తెచ్చి తనలో పెట్టుకుంది. ఇలా తెచ్చుకోవడం మొక్కల మైటోకాండ్రియాకు అలవాటే. దీనికి తిరుగుబాట కూడా ఇదే కుటుంబంలో దొరికింది. జిల్లేడుకు దగ్గరి చుట్టాలైన అమెరికా పాలమొక్కల్లో మైటోకాండ్రియా ముక్క హరితరేణువులోకి చేరిందని 2013లో తేల్చారు. హరితరేణువు బయటి ముక్కలను రానివ్వడం చాలా అరుదు.

వార్తల్లో ఒక అతి కనిపిస్తుంది, మైటోకాండ్రియా చదివితే మొక్క జాతకం అంతా తెలిసిపోయిందన్నట్టు రాస్తారు. అది నిజం కాదు. మొక్కల మైటోకాండ్రియా అమరిక త్వరగా మారుతుంది గాని అక్షరాలు చాలా నెమ్మదిగా మారతాయి, హరితరేణువు కంటే కూడా నెమ్మదిగా. 1980ల్లోనే ఈ సంగతి తేలింది. కాబట్టి సర్పగంధిని దాని నాలుగాకుల చుట్టం నుంచి వేరుచేయడానికి ఇది మొదటి సాధనం కాదు. దానికి హరితరేణువులోని కొన్ని జన్యువులు, కేంద్రకంలోని కొన్ని భాగాలు చూస్తారు. ముత్తాతల నాటి విడిపోవడాలు చూడాలంటే నెమ్మదిగా మారే మైటోకాండ్రియా పనికొస్తుంది. మూడు డీఎన్ఏలు మూడు రకాల వంశవృక్షం చూపిస్తే, గతంలో ఎక్కడో రెండు జాతులు కలిశాయేమోనని అనుమానించాలి. మూడూ చూడాలి, ఒకటి చూసి తీర్పు చెప్పకూడదు.

ఈ చుట్టరికం మందుల దాకా వెళ్తుంది. సర్పగంధిలో రిసర్పిన్, బిళ్ళగన్నేరులో క్యాన్సర్‌కు ఇచ్చే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్, ఎడారి హర్మల్‌లోని చేదులు, ఇవన్నీ మొక్క లోపల స్ట్రిక్టోసిడిన్ అనే ఒకే పదార్థం నుంచి మొదలై వేర్వేరు దారుల్లో పోతాయి. ఒకే వంటగదిలో ఒకే పిండితో వేర్వేరు ఇళ్ళవాళ్ళు వేర్వేరు అట్లు పోసినట్టు. కొండ మీద ఒక పొద పోతే దాని వంట తీరు కూడా పోతుంది. కుండీలో ఉన్న బిళ్ళగన్నేరు దాన్ని మనకు తిరిగి చెప్పలేదు.

పోయిన ఏడాది మేము నలుగురం సర్పగంధి చూద్దామని మా అమ్మమ్మ ఊరికి వెళ్ళాం. రెండు రోజులు తిరిగాం. ఇరవై ఏళ్ళ క్రితం వాగు పక్కన పాదం పెట్టేచోట ఉండేదని మామయ్య చెప్పాడు. మాకు మొత్తం మీద ఏడు మొక్కలు దొరికాయి. ఎనిమిదోది ఉందన్న చోట గొయ్యి ఉంది. అదే ఊళ్ళో మరో మాట విన్నాం. చాలా ఏళ్ళ క్రితం నగరం నుంచి ఒకాయన వచ్చి మా తాతయ్యతో మూడు రోజులు కొండ తిరిగాడట. ఆకులు కాగితాల మధ్య పెట్టుకున్నాడు, ఏది దేనికి వాడతారో పుస్తకం నిండా రాసుకున్నాడు, ఫొటో దిగాడు. పంపిస్తానన్న ఫొటో రాలేదు, ఆ పుస్తకంలో ఏమైందో తెలియదు. ఆయన చెడ్డవాడని మేము అనడం లేదు. తాతయ్య మాత్రం చనిపోయేదాకా ఆ ఫొటో గురించి అడిగాడు.

అప్పట్లో ఆకు తీసుకెళ్ళాలంటే కొండకు రావాలి. ఇప్పుడు ఒక్క ఆకు నుంచి అక్షరాలన్నీ చదివి కంప్యూటర్లో పెడితే, ఇక ఎవరూ కొండెక్కక్కర్లేదు. ప్రపంచంలో ఏ మూల నుంచైనా దించుకుని, ఆ వంట తీరును ఈస్టు కణాల్లో పెట్టి మందు తయారు చేసుకునే ప్రయత్నాలు నడుస్తున్నాయి. మేము ఆ డేటాబేసుల్లో నమోదు పత్రాలు తెరిచి చూశాం. ఏ దేశం, ఏ తేదీన సేకరించారు అని గళ్ళున్నాయి. ఏ ఊరివాళ్ళు చూపించారు అన్న గడి మాకు కనబడలేదు.

దీని మీద దేశాల మధ్య పెద్ద పోట్లాటే జరిగింది. 2024లో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన జీవవైవిధ్య సదస్సులో, ఇలాంటి డిజిటల్ అక్షరాలు వాడుకుని లాభపడే కంపెనీలు కొంత సొమ్ము వేసేలా కాలి నిధి పెట్టాలని ఒప్పుకున్నారు. అందులో కనీసం సగం ఆదివాసీలకు, స్థానిక సమాజాలకు చేరాలన్నది ఉద్దేశం. కట్టాలని బలవంతం మాత్రం లేదు. కాబట్టి ఎవరూ డబ్బులు లెక్కపెట్టుకోకండి.

డబ్బు పంచిన ఉదాహరణ మన పక్కనే ఉంది. 1987లో కేరళ అగస్త్యార్ కొండల్లో దారి చూపిస్తున్న కాణి ఆదివాసీలు ఏవో కాయలు తింటూ అలసట లేకుండా నడవడం శాస్త్రవేత్తలు గమనించారు. ఆ మొక్కే ఆరోగ్యపచ్చ. దాంతో చేసిన జీవని అనే మందును 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి పది లక్షల రూపాయల ఫీజు, రెండు శాతం రాయల్టీకి ఇచ్చి, వచ్చినదాంట్లో సగం కాణీలకన్నారు. 1997లో వాళ్ళ పేరున ట్రస్టు పెట్టారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ మొక్కను అడవిలో సేకరించడం దగ్గర, పెంచడం దగ్గర చిక్కులొచ్చాయి. అయినా ఒకటి గమనించండి: ఆ పంపకం జరగడానికి కారణం, ఆ రోజు దారి చూపించింది ఎవరో రాసి ఉండటం.

మన చేతిలో చట్టాలు లేకపోలేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. 2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టాలకే అనుకుంటాం. అందులో జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని కూడా రాసి ఉంది. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానం వాడుకునేవాళ్ళకు లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. సంస్కృతంలో ఉన్నది గ్రంథం. అమ్మమ్మ నోట్లో ఉన్నది గ్రంథం కాదు. ఈసారికి అది మనకు మేలే చేసింది, ఎందుకంటే గ్రంథానికెక్కని దాని మీద మన వాటా అడిగే దారి ఇంకా మూసుకుపోలేదు.

మరి రాయాలా, వద్దా? దీని మీద మాలోనే గట్టిగా వాదన అయింది. రాస్తే దొంగకు దారి చూపినట్టే అని మామయ్య అంటాడు. గొయ్యి చూసిన మనిషి ఆయన, కాదనలేం. రాయకపోతే అమ్మమ్మతోనే పోతుందని మేమంటాం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మొక్క పేరు, మన భాషల్లో పేర్లు, ఏ వరసకు చెందింది, కాయ ఎలా ఉంటుంది, ఎప్పుడు పూస్తుంది, ఇవి రాస్తాం. ఏ వాగు పక్కన ఉందో, ఏ మోతాదులో ఇస్తారో, ఆ రెండూ గ్రామసభ దగ్గరే ఉంటాయి. ఎవరైనా ఆకు కోసం వస్తే, ఎక్కడి నుంచి, దేనికి, అక్షరాలు చదివాక ఎక్కడ పెడతారు అని గ్రామసభలోనే అడుగుతాం, కాగితం మీద రాయించుకుంటాం, చూపించిన ఊరి పేరు ఆ నమోదులో వేయమంటాం. ఫొటో కూడా ఒక కాపీ తీసుకుంటాం.

గుమ్మం పక్కన బల్ల మీద నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి పెట్టాం. పాల చెట్ల వరసతో మొదలుపెట్టాం. తెలుగు పేరు ఒక గడిలో ఉంది, పక్కన కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒడియా గళ్ళు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. సుగంధిపాలకు మూడు పేర్లు దొరికాయి, సర్పగంధికి తెలుగు తప్ప ఇంకేదీ రాలేదు. కొర్రకొత్తకు ఊరెళ్ళేవాళ్ళు దయచేసి పెద్దవాళ్ళను అడిగి రండి. చూపించడానికి మొక్కను పెరికి తేవద్దు, ఒక ఆకు ఫొటో చాలు. పుస్తకం వినాయక చవితి దాకా ఈ హాల్లోనే ఉంటుంది, తాళం మా దగ్గరే.